ఖాళీ తెరను కూడా గీయడం మొదలుపెట్టాక

కొత్త ఉత్పత్తులకు డిజైనూ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టే మా చిన్న సంస్థలో చాలాకాలం ఒకే ఇబ్బంది ఎదురయ్యేది: ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన యాప్ తెరలను క్లయింట్లు సంతోషంగా ఆమోదించేవారు, కానీ కోడింగ్ సగానికి వచ్చేసరికి గడువు చేజారిపోయేది. లోపం ప్రోగ్రామర్ల వేగంలో లేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒక ప్రాజెక్టులో ఆర్డర్ల జాబితా తెరను ముందు పెట్టుకుని పరిశీలించాను. అందులో ఆరు ఆర్డర్లు, పొట్టి పేర్లు, చక్కటి ఫొటోలు ఉన్నాయి. మొదటిసారి లాగిన్ అయినవారికి ఒక్క ఆర్డరూ లేనప్పుడు ఏం కనబడాలో, నెట్ ఆగిపోతే ఏం చెప్పాలో, పొడవైన పేరు ఎక్కడ తెగాలో ఎవరూ గీయలేదు. ఆ నిర్ణయాలన్నీ ప్రోగ్రామర్ మీద పడ్డాయి. పైగా అవి ఒప్పందంలోని పనా, అదనపు పనా అన్న వాదన క్లయింటుతో మొదలైంది.

అప్పటినుంచి ప్రతి తెరకూ ఖాళీ, లోడింగ్, లోపం, నిండు అనే నాలుగు స్థితులూ గీయనిదే ఖర్చు అంచనా ఇవ్వడం లేదు. మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్టు (వెలుగులో తేడా) 4.5:1 కన్నా తగ్గకూడదన్న వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాన్ని, అంటే చూపు తక్కువైనవారూ చదవగలిగేలా పెట్టిన నియమాన్ని, కూడా ఆ దశలోనే సరిచూస్తాం, ఎందుకంటే రంగు మార్చడం అప్పుడు నిమిషాల పని. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది మాత్రం ప్రోగ్రామర్‌ను తొలి స్కెచ్ నుంచే పక్కన కూర్చోబెట్టుకోవడం. ఆ నాలుగు స్థితుల చిత్రాలనే ఒప్పందానికి జతచేస్తున్నాం; డిజైను దశ ఇందువల్ల ఎక్కువ కాలం పడుతుందని క్లయింటుకు ముందే చెబుతాను.