సైకిళ్ల మీద నాలుగు రోజులు – 3వ పాఠం: బరువు ఎక్కడ కట్టాలి

పోయిన పాఠంలో సైకిలు సరిచూసుకున్నాం. ఈసారి సామాను. పర్లాకిమిడి నుంచి కాశీనగరం చేరి, అక్కణ్ణుంచి గుణుపురం దాకా వంశధార వారనే పోతే పెద్ద ఎక్కుళ్లుండవు, సామాను ఎలా కట్టినా జరిగిపోతుంది. బండి మహేంద్రగిరి వైపు కొండదారుల్లోకి తిరిగాక తెలుస్తుంది కట్టు సంగతి.

ముందు తూకం. నీళ్లు కాకుండా మనిషికి 10 నుంచి 12 కిలోలు, అంతే. నీళ్లు 3 లీటర్లంటే ఇంకో 3 కిలోలు. ఇంట్లో తూకపు మిషను లేకపోతే కిరాణా కొట్టుకు తీసుకెళ్లి వేయించండి, చేతి అంచనాను నమ్మొద్దు. నలుగురికి ఒక పూటకు బియ్యం 600 గ్రాములు, పప్పు 200 గ్రాములు చాలు. మూడు రాత్రులకూ ఇంటి దగ్గరే కట్టుకెళ్లడం దండగ. ఒక రాత్రికి సరిపడా ఉంచుకుని, మిగతాది దారిలో కొట్టులోనో సంతలోనో కొనండి. పప్పు పెసరపప్పే పట్టండి. కందిపప్పు ఉడికేసరికి స్టవ్వులో కిరసనాయిలు అయిపోతుంది.

ఇక కట్టడం. బియ్యం, గిన్నెలు, పనిముట్లు పక్క సంచుల్లో అడుక్కి పోవాలి, చక్రం ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. క్యారియర్ నెత్తిన దుప్పటి, చాప లాంటి తేలిక సామానే. బరువు పైకెక్కితే, ఎక్కుడులో లేచి నిలబడి తొక్కినప్పుడల్లా వెనక భాగం తోక ఊపినట్టు ఊగుతుంది. బరువు మరీ వెనక్కి జరిగితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. ఎడమ, కుడి సంచుల మధ్య అర కిలో తేడా ఉంటే ఫరవాలేదు, రెండు కిలోలుంటే బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

సంచి కట్టాక సీటు మీద కూర్చుని పెడల్‌ను వెనక్కి ఒక చుట్టు తిప్పండి. మడమ సంచికి తగిలితే సంచిని రెండు వేళ్లు వెనక్కి జరపండి. ఇది మర్చిపోయి బయల్దేరినవాళ్లకు పదో కిలోమీటరులో గుర్తొస్తుంది, అప్పుడు మొత్తం విప్పి కట్టాలి.

తాడు కంటే పాత ట్యూబు మేలు. నైలాను తాడు ఎంత బిగించినా, కుదుపులకు సామాను అణిగాక వదులైపోతుంది. రబ్బరు అణిగిన మేరకు తనూ ముడుచుకుంటుంది. పాడైన ట్యూబును వాల్వు దగ్గర అడ్డంగా కోసి, ఆ భాగం తీసేసి, మిగిలినదాన్ని పొడుగునా రెండు పట్టీలుగా చీల్చండి. ఒక కొస క్యారియర్ కడ్డీకి ముడేసి, బాగా సాగదీస్తూ సామాను మీదుగా రెండు చుట్లు తిప్పి జారుముడి వేయండి. మిగిలిన కొస వేలాడకూడదు, చుట్ల కిందికి దోపేయాలి. వేలాడిన కొస ఫ్రీవీల్లో (వెనక చక్రానికి గొలుసు తిరిగే పళ్ల చక్రం) పడిందంటే చక్రం ఉన్నచోటే పట్టేస్తుంది.

టెంటు మాత్రం సంచిలో పెట్టకండి, బయటే కట్టండి. శీతాకాలం మంచుకు తెల్లారేసరికి గుడ్డ తడిసి బరువెక్కుతుంది. బయట ఉంటే మధ్యాహ్నం ఆగినచోట విప్పి ఎండకు పరచొచ్చు. సంచి లోపల ఎరువుల బస్తాలో వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరును బాగా కడిగి, ఆరబెట్టి పరిస్తే బట్టలు తడవవు. ఆ కవర్లో తినేవి మాత్రం పెట్టొద్దు.

పంపకాల్లో ఒక్క నియమం: పంపు, పానాలు, పంక్చరు సామాను అందరికంటే వెనక వచ్చేవాడి దగ్గరుండాలి. ముందుపోయేవాడి దగ్గరుంటే మధ్యలో ఎవరి బండి ఆగినా వాడు అంత దూరమూ వెనక్కి తొక్కుకు రావాలి. అగ్గిపెట్టె ఇద్దరి దగ్గర ఉంచండి.

బరువు పెరిగాక మొదట తెగేది వెనక చక్రం పుల్ల (స్పోకు), అదీ ఎక్కువగా ఫ్రీవీల్ వైపుది. ఫ్రీవీల్‌కు చోటివ్వడానికి ఆ వైపు పుల్లలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. మార్చాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి, దానికి వేరే పానా కావాలి. గుణుపురం దాటాక షాపు మీద ఆశ పెట్టుకోకుండా, కొలతకు సరిపోయే నాలుగు పుల్లలు ఫ్రేముకు టేపుతో అంటించుకెళ్లండి. దారిలో తెగితే విరిగిన ముక్కను పక్క పుల్లకు చుట్టేయండి. దాని ఇరుపక్కలా ఉన్న ఎదురు వైపు పుల్లలు రెంటినీ అర చుట్టు వదులు చేస్తే రిమ్ము బ్రేకు రబ్బరుకు రాసుకోకుండా తిరుగుతుంది. ఆ బండి సామాను మిగతా ముగ్గురూ పంచుకోవాలి.

గాలి వెనక చక్రంలో టైరు మీద ముద్రించిన గరిష్ఠానికి దగ్గరగా, ముందు కొంచెం తక్కువగా పెట్టండి. పంక్చరైన ట్యూబులో పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే ముళ్లకోసం వెతక్కండి, గాలి తక్కువై రాయికీ రిమ్ముకీ మధ్య నలిగిందన్నమాట.

ఈ వారం అభ్యాసం: ప్రయాణపు బరువంతా కట్టి 15 కిలోమీటర్లు తొక్కండి, అందులో కొంత మట్టిదారి ఉండాలి. బయల్దేరే ముందు క్యారియర్ నట్లు బిగించి, ప్రతి నట్టు మీదనుంచి కడ్డీ మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత లాగండి. తిరిగొచ్చాక చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే నట్టు వదులైనట్టే, కింద స్ప్రింగు వాషరు వేసి మళ్లీ బిగించండి.