ఎన్నికల నెలలో ఓటును కాపాడుకునే పద్ధతి: గోదావరి డెల్టా కుటుంబాలకు

గోదావరి డెల్టాలో గత మూడు సార్వత్రిక ఎన్నికల పోలింగ్ 2014 మే 7న, 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న జరిగింది. మూడుసార్లూ అది దాళ్వా (రబీ వరి) కోతలకో, ధాన్యం కళ్లాల్లోనూ రోడ్ల పక్కనా ఆరే రోజులకో దగ్గరగానే పడింది. మిల్లు నుంచి లారీ ఎప్పుడు వస్తుందో, గోనె సంచులు అందుతాయో లేదో, అకాల వర్షం ముంచుతుందేమో అని రైతు కళ్లలో వత్తులు వేసుకుని ఉన్న సమయంలోనే మైకులు, ర్యాలీలు, ఇంటింటి ప్రచారం ఊపందుకుంటాయి. ఈ హడావుడిలో ఓటుకు సంబంధించిన చిన్న చిన్న పనులు రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతుంటాయి. ఉపాధ్యాయుడిగా కొన్ని ఎన్నికల్లో పోలింగ్ విధులు నిర్వర్తించాను. బూత్ గుమ్మం దాకా వచ్చి, జాబితాలో పేరు లేదని తెలిసి తల దించుకుని వెళ్లిపోయిన వారిని చూశాను. వారిలో చాలామంది ఓటు రెండు మూడు నెలల ముందే, ఇంట్లో ఎవరూ గమనించకుండా పోయి ఉంటుంది.

జాబితాలో పేరు

చేతిలో ఓటరు కార్డు ఉండటం వేరు, జాబితాలో పేరు ఉండటం వేరు. కార్డు పదేళ్లుగా బీరువాలో భద్రంగా ఉన్నా, జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. కాబట్టి ఎన్నికలకు కనీసం మూడు నెలల ముందు ఇంట్లో ప్రతి ఒక్కరి పేరునూ ఎన్నికల సంఘం యాప్‌లో గాని, 1950 నంబరుకు ఫోన్ చేసి గాని, మీ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) దగ్గర గాని సరిచూసుకోవాలి. కుటుంబ పెద్ద పేరు ఒక్కటి చూసి ఊరుకోకూడదు. ఒకే ఇంటి వారి పేర్లు రెండు వేర్వేరు బూత్‌ల జాబితాల్లో పడిన సందర్భాలు నాకు తెలుసు.

కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6 ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండటానికి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాకుండా ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలు. పదిహేడేళ్లు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. కాపురానికి వచ్చిన కోడలి పేరు పుట్టింటి ఊరి జాబితాలోనే ఉండిపోవడం మన వైపు తరచుగా చూసేదే. ఆమె ఫారం 8 ఇస్తే పేరు అత్తవారి ఊరికి మారుతుంది; ఇంటిపేరు, వయసు, ఫొటో వంటి తప్పుల సవరణకూ అదే ఫారం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడొకటి, ఊళ్లో ఒకటి ఓటు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. రెండింటిలో ఏది ఉంచుకోవాలో ఆ కుటుంబం ముందే నిర్ణయించుకుని రెండోది తొలగింపజేసుకోవాలి. కువైట్, ఖతార్ వంటి దేశాల్లో పని చేస్తున్న మన వారు ఫారం 6ఎ ద్వారా పాస్‌పోర్టులోని చిరునామాకు ఓటు నమోదు చేసుకోవచ్చు. అయితే ఓటు వేయడానికి అసలు పాస్‌పోర్టుతో స్వయంగా ఊరికి రావాలి.

నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితా మూసుకుపోయినట్లే. దరఖాస్తు పరిశీలనకు వ్యవధి కావాలి గనుక, ఆ తేదీకి కనీసం పది రోజుల ముందే అది కార్యాలయానికి చేరాలి. ఆఖరి రోజు వరకు ఆగవద్దని నా గట్టి సలహా.

ఫారం 7 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చనిపోయిన వారి, ఊరు విడిచి వెళ్లిన వారి పేర్లు తొలగించమని కోరే దరఖాస్తు అది. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఇలాంటి దరఖాస్తులు పెద్ద సంఖ్యలో పడి తీవ్ర వివాదమైంది. మీ పేరు మీద ఎవరో అలాంటి దరఖాస్తు పెడితే మీకు నోటీసు రావాలి. నోటీసుకు వెంటనే జవాబు ఇచ్చి, ఇక్కడే నివసిస్తున్నట్లు ఆధారం చూపాలి. పంట పనుల్లో ఉండి నోటీసును గూట్లో పడేస్తే ఓటు పోవచ్చు. తెలిసి తెలిసి తప్పుడు ప్రకటన ఇచ్చిన వారికి ఏడాది వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది.

ధాన్యం డబ్బు, రొయ్యల డబ్బు, పింఛను

ఎన్నికల షెడ్యూలు వెలువడిన రోజు నుంచే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది, దానితో పాటు రోడ్ల మీద తనిఖీలూ మొదలవుతాయి. రూ.50,000కు మించిన నగదు తీసుకువెళ్తుంటే ఫ్లయింగ్ స్క్వాడ్ వారు ఆధారం అడుగుతారు. ధాన్యాన్ని ప్రైవేటు వ్యాపారికి అమ్మిన రైతు, చెరువు పట్టుబడి పూర్తయ్యాక మేత బాకీ తీర్చడానికి భీమవరం వెళ్తున్న రొయ్యల రైతు, కొబ్బరి అమ్మిన సొమ్ముతో అంబాజీపేట నుంచి తిరిగివస్తున్న వారు, పెళ్లికి బంగారం కొనబోతున్న తల్లిదండ్రులు ఇలాంటి చోట ఇబ్బంది పడుతుంటారు. వీలైనంత వరకు చెల్లింపులు బ్యాంకు ద్వారానే జరుపుకోవడం మేలు. నగదు తప్పనిసరైతే బ్యాంకులో డబ్బు తీసిన రసీదు, కాటా చీటీ, కొనుగోలుదారు సంతకం చేసిన కాగితం, పెళ్లి శుభలేఖ వంటివి అదే సంచిలో ఉంచుకోవాలి.

సొమ్ము పట్టుకున్నారే అనుకోండి, అక్కడ వాదనకు దిగి ప్రయోజనం లేదు. స్వాధీనం చేసుకున్నట్లు రసీదు అడిగి తీసుకోవాలి. ఆ సొమ్ముకు ఏ అభ్యర్థితోనూ, పార్టీతోనూ సంబంధం లేదని ఆధారాలతో జిల్లా కేంద్రంలోని కమిటీకి అప్పీలు చేసుకుంటే విడుదల చేస్తారు. కేసు నమోదు కాకపోతే పోలింగ్ ముగిసిన ఏడు రోజులకు మించి దానిని అట్టిపెట్టుకోకూడదన్న నిబంధన కూడా ఉంది. మొత్తం పది లక్షలు దాటితే మాత్రం ఆదాయపన్ను శాఖకు సమాచారం వెళ్తుంది.

పింఛను విషయంలోనూ ముందుచూపు అవసరం. 2024 మార్చి 16న షెడ్యూలు వచ్చాక, వాలంటీర్లతో పింఛన్ల పంపిణీ వద్దని ఆ నెలాఖరులో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర, మేలో ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల్లో పింఛను పడింది. మా మేనత్త ఖాతా ఏళ్ల తరబడి వాడక నిద్రాణమై ఉండటంతో, ఆమెను ఎండలో మూడుసార్లు బ్యాంకుకు తిప్పవలసి వచ్చింది. వృద్ధుల ఖాతాలు పనిచేస్తున్నాయో లేదో, ఆధార్‌తో కలిసి ఉన్నాయో లేదో షెడ్యూలుకు ముందే చూసుకోవాలి. ఇప్పటికే లబ్ధి పొందుతున్న వారికి కొనసాగుతున్న పథకాలు నియమావళి వల్ల రద్దు కావు. కొత్త పథకాలు, కొత్త లబ్ధిదారుల ఎంపికే ఆగుతాయి. "మాకు ఓటు వేయకపోతే పింఛను తీసేస్తాం" అని ఎవరైనా బెదిరిస్తే అది నేరం.

ఓటు ఎవరికి వేశామో తెలిసిపోతుందా

పల్లెల్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే, అది కూడా గొంతు తగ్గించి, పక్కకు పిలిచి. ఈ భయాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. దీనికి ఒక నిజమైన మూలం ఉంది. లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది, ఫారం 20 రూపంలో ప్రతి బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో బహిరంగంగా ప్రకటిస్తారు. ఒకే పేట వారు, ఒకే లంక వారు ఒక బూత్‌లో ఓటు వేస్తే, ఆ పేట మొత్తం ఎటు మొగ్గిందో నాయకులు అంచనా వేయగలరు. అంతకు మించి వారికి తెలిసే వీలు లేదు. ఈవీఎం మొత్తాలను మాత్రమే చూపిస్తుంది గాని ఏ ఓటరు ఏ మీట నొక్కారో చెప్పదు. వేసిన ఓటును చూపించే వీవీప్యాట్ యంత్రం చీటీ మీద ఓటరు పేరు గాని, వరుస సంఖ్య గాని ఉండదు. ఏడు సెకన్లు కనిపించి తెగి పెట్టెలో పడి మిగిలిన చీటీలతో కలిసిపోతుంది. బూత్‌లో కెమెరా ఉన్నా అది ఓటు వేసే అర వైపు చూడకూడదు. ఓటు రహస్యాన్ని బయటపెట్టే ఎన్నికల సిబ్బందికి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ ప్రకారం మూడు నెలల వరకు జైలు శిక్ష పడుతుంది. "ఎవరికి వేశావో మాకు తెలుస్తుంది" అనే మాట మీ భయం మీద ఆధారపడి చెప్పే మాట.

డబ్బు పంపకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బు ఇవ్వడమే కాక తీసుకోవడమూ నేరమే; భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడాది వరకు జైలో, జరిమానానో, రెండూనో పడవచ్చు. "తీసుకుని నచ్చిన వారికి వేస్తే సరి" అనే వారు ఉన్నారు. నేను దానితో ఏకీభవించను, ఎందుకంటే డబ్బుతో పాటు చాలాచోట్ల దేవుడి పటం మీదో, పిల్లల తల మీదో ఒట్టు కూడా పెట్టిస్తారు. ఆ ఒట్టు బూత్ లోపలికి కూడా మనతో పాటు వస్తుంది. బలవంతాన వేయించిన ఒట్టుకు ఏ కట్టుబాటూ లేదని ఇంట్లో పెద్దవారికి నిదానంగా చెప్పాలి. కవరు తెచ్చినది బాబాయి వరుస మనిషే అయినప్పుడు మొహం మీద తలుపు వేయలేము. "మా ఇంట్లో ఆ అలవాటు లేదు బాబాయ్, ఏమీ అనుకోకండి, ఓటు మాత్రం తప్పకుండా వేస్తాం" అని గుమ్మంలోనే చెప్పి, మంచినీళ్లు ఇచ్చి పంపవచ్చు. ఇంట్లో ఎవరు ఈ మాట చెప్పాలో ముందే అనుకుంటే, మగవారు పొలంలో ఉన్నప్పుడు ఆడవారి చేతిలో కవరు పెట్టి వెళ్లే అవకాశం ఉండదు. కార్డు తమ దగ్గర ఉంచమని అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు.

పంపకాలను, బెదిరింపులను ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్ ద్వారా పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఫొటో గాని, రెండు నిమిషాల లోపు వీడియో గాని అప్పటికప్పుడు ఆ యాప్‌లోనే తీయాలి. ఫోన్‌లో ముందే దాచుకున్నవి పనికిరావు. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం.

వాట్సాప్, వీధి గొడవ

2022 మే నెలలో కొత్త జిల్లా పేరు విషయమై అమలాపురంలో హింస చెలరేగినప్పుడు రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది, ఎందరో యువకులు కేసుల్లో చిక్కుకున్నారు. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే అబ్బాయికి ఒక్క పోలీసు కేసు ఉన్నా పాస్‌పోర్టు దగ్గర ఆగిపోవచ్చు. కులాన్ని, మతాన్ని కించపరిచే సందేశం గ్రూపులో వస్తే పిల్లలు దానిని ముందుకు పంపకుండా చూడడం ఈ నెలలో తల్లిదండ్రుల ముఖ్యమైన పని. మీ గోడ మీద పోస్టరు అంటించడానికి మీ అనుమతి కావాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు నిషిద్ధం.

ప్రతి ఎన్నికలోనూ తిరిగే ఒక తప్పుడు సందేశం గురించి హెచ్చరించాలి. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి "ఛాలెంజ్ ఓటు" అడగవచ్చని అది చెబుతుంది. అది పూర్తిగా అబద్ధం. ఛాలెంజ్ అంటే, వచ్చిన వ్యక్తి అసలు ఓటరు కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం.

పోలింగ్ రోజు

85 ఏళ్లు దాటిన వారు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. ఇందుకు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. ఒకసారి ఈ సదుపాయం కోరుకున్నాక బూత్‌లో ఓటు ఉండదు. చూపు లేనివారు, మీట నొక్కలేనంత అశక్తులు బూత్‌కు వస్తే పద్దెనిమిదేళ్లు నిండిన సహాయకుణ్ణి వెంట తెచ్చుకోవచ్చు. ఆ సహాయకుడు ఆ రోజు మరొకరికి సాయం చేయకూడదు. ఈ ఒక్క నియమం తెలిస్తే, ఊరి ముసలివారందరి ఓట్లూ ఒకే మనిషి దగ్గరుండి వేయించడాన్ని ఆపవచ్చు.

బీఎల్వో ఇచ్చే ఓటరు స్లిప్పు గుర్తింపు పత్రం కాదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు వంటి వాటిలో ఒకటి చాలు. ఫోన్‌తో ఓటు వేసే గదిలోకి వెళ్లనివ్వరు. లంకల్లో ఉండేవారు, సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కవలసినవారు ముందు రోజే వేళలు కనుక్కోవాలి. ఓటర్ల రవాణాకు పార్టీలు వాహనాలు పెట్టడం చట్టవిరుద్ధం గనుక వాటి కోసం ఎదురుచూడవద్దు. 2024లో ఇక్కడ ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు పోలింగ్ జరిగింది. మే ఎండలో తొమ్మిది లోపే వెళ్లడం మంచిది. ఆరు గంటలకు వరుసలో ఉన్నవారికి చీటీలు ఇచ్చి, ఎంత రాత్రయినా ఓటు వేయనిస్తారు; కాబట్టి వరుస విడిచి రావద్దు.

శాసనసభకు, లోక్‌సభకు కలిపి ఎన్నిక జరిగినప్పుడు రెండు యంత్రాలుంటాయి. ఒకదానిలో నొక్కి బయటికి నడిచిపోయిన వారిని వెనక్కి పిలిచిన సందర్భాలు నాకు అనేకం. బీప్ శబ్దం రెండుసార్లు, రెండు చోట్ల వినపడాలని ఇంట్లో పెద్దవారికి ముందే చెప్పి పంపండి. మీ పేరు మీద ఎవరో అప్పటికే ఓటు వేసి ఉంటే గొడవ పడకుండా, టెండర్ ఓటు ఇమ్మని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. అది కాగితపు బ్యాలెట్ రూపంలో వస్తుంది. మామూలు లెక్కింపులో చేరకపోయినా, దొంగ ఓటు పడిందనడానికి అది మాత్రమే రికార్డుగా మిగులుతుంది.

ఓటు వేశాక ఫలితాల వరకు మన ప్రాంతంలో పందేల జోరు సాగుతుంది. 2024లో పోలింగ్‌కు, జూన్ 4 ఫలితాలకు మధ్య మూడు వారాల వ్యవధి ఉంది, సరిగ్గా దాళ్వా సొమ్ము చేతికి వచ్చే రోజులవి. పందెం నేరం. పైగా కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు గనుక, గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టులో దావా వేసినా నిలవదు.