మ్యాప్ ప్రశ్నలో 20 మార్కులు పోగొట్టుకోకండి

సివిల్స్ మెయిన్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు రెండో పేపర్ మొదటి ప్రశ్నలోని మ్యాప్ భాగాన్ని చివరి నెలకు వదిలేస్తుంటారు. పది స్థలాలు, ఒక్కోదానికి 2 మార్కులు. మ్యాప్‌లో గుర్తించి, ప్రాముఖ్యం 30 పదాలు మించకుండా రాయాలి.

ఖాళీ మ్యాప్ తీసుకుని ముందు పెన్సిల్‌తో రెండు గీతలు సన్నగా గీయండి: కర్కట రేఖ, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. రెండూ ఛత్తీస్‌గఢ్‌లో కలుస్తాయి. రెండోది కిందికి దిగి కాకినాడ దగ్గర తీరం దాటుతుంది. ఇక ఏ చుక్కైనా వీటికి ఎటువైపు, ఎంత దూరమో చూసి పెట్టండి. నదిని గుర్తుంచుకుని దాని పక్కన చుక్క పెడితే, నది గీత తప్పినప్పుడు చుక్కా తప్పుతుంది.

ప్రాముఖ్యంలో 'ప్రసిద్ధ సరస్సు' లాంటి మాటలు దండగ. కొల్లేరుకైతే ఇలా: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు, బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరతాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకెళ్తుంది, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం) గుర్తింపు, చేపల చెరువుల ఆక్రమణ.

రోజుకు ఐదు స్థలాలు చాలు. వారం చివర అవే 35 స్థలాలు, పుస్తకం మూసి, కొత్త మ్యాప్ మీద.