ఊళ్లో చదువరుల బృందాన్ని నిలబెట్టడం ఎలా?

పుస్తకావిష్కరణ సభకు హాలు నిండిన ఊళ్లోనే, ఆ పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకోవడానికి పదిమంది దొరకకపోవడం మనకు కొత్త సంగతేమీ కాదు. సభలో వేదిక మీదివారు మాట్లాడతారు, కిందివారు వింటారు, శాలువాలు కప్పడం పూర్తయ్యాక అందరూ టిఫిను పొట్లాలు అందుకుని ఇళ్లకు వెళ్లిపోతారు. చదివినదాని గురించి నోరు విప్పే అవకాశం అక్కడ చదువరికి రాదు. తనకు తోచినది చెప్పుకోవడానికి, అదే కథ పక్కవారికి మరో రకంగా ఎందుకు తోచిందో వినడానికి వీలున్న చోటికే మనిషి పిలవకపోయినా మళ్లీ వస్తాడు. నెలనెలా కూర్చుని ఒక రచన గురించి మాట్లాడుకునే చిన్న బృందాన్ని ఎలా మొదలుపెట్టాలో, అది నాలుగు నెలలకే చెదిరిపోకుండా ఎలా చూసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇందులో చెప్పే పద్ధతులన్నీ అందరికీ మాట్లాడే వీలును కాపాడటానికి ఉద్దేశించినవే.

మొదట ముగ్గురిని వెతకండి

సంఘానికి పేరు పెట్టడం, లోగో గీయించడం, అధ్యక్షుడినీ కార్యదర్శినీ ఎన్నుకోవడం వంటి పనులన్నీ పక్కన పెట్టి, చదివే అలవాటు నిజంగా ఉన్న ముగ్గురిని ముందు వెతకాలి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పత్రికలు తిరగేసి వెళ్లేవారు చాలామంది ఉంటారు కానీ, మీకు కావలసింది పుస్తకం ఇంటికి పట్టుకెళ్లేవారు. వారెవరో గ్రంథాలయాధికారికి బాగా తెలుసు. ఊరకే పరిచయం చేయమని ఆయనను అడిగితే చాలు. విశ్రాంత ఉపాధ్యాయులు, డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేవారు వెంటనే గుర్తుకొస్తారు. అయితే వారపత్రికల సీరియళ్లు కత్తిరించి కుట్టి దాచుకున్న గృహిణి, షాపులో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నవల చదువుకునే మందుల దుకాణదారు కూడా మీ వీధిలోనే ఉండవచ్చు. ఆ ముగ్గురూ వేర్వేరు వృత్తులవారు, వేర్వేరు వయసులవారు అయితే మంచిది. ముగ్గురూ కవులైతే మాత్రం జాగ్రత్త పడాలి, రెండో నెలకల్లా అది కవి సమ్మేళనంగా మారిపోతుంది.

మన దగ్గర పెద్ద సంస్థలు కూడా ఇలా కొద్దిమందితో మొదలైనవే. 1901లో హైదరాబాదులో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద తిరిగే పడవలో గ్రంథాలయం ఏర్పాటు చేశారు. పడవ ప్రయాణం మెల్లగా సాగుతుంది, ప్రయాణికులకు చేతినిండా తీరిక ఉంటుంది కనుక పుస్తకమే వారి దగ్గరకు వెళ్లింది. చదివేవారు మన చోటికి రావాలని ఎదురుచూసే బదులు, వారు ముందే కూర్చుని ఉన్న చోటేదో కనుక్కోవడం ఈనాటికీ పనికొచ్చే పద్ధతి. అది అపార్టుమెంటు సెల్లారు కావచ్చు, ఉదయపు నడక తర్వాత పార్కులో కబుర్లు సాగే బెంచీలు కావచ్చు.

చోటు, వేళ

గ్రంథాలయం ఉన్న ఊళ్లో ఇంకో చోటు వెతకనక్కరలేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది కనుక, నెలకోసారి ఒక గది అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. అనుమతి కోసం తెల్లకాగితం మీద నాలుగు వాక్యాల అర్జీ రాసి, రోజు, వేళ, వచ్చేవారి సంఖ్య అందులో స్పష్టంగా చెప్పండి. గ్రంథాలయానికి వారపు సెలవు ఆదివారమేనని ఊహించుకోకుండా ముందే కనుక్కోండి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వారికీ కార్యక్రమాలు కావాలి కాబట్టి, పరిచయం పెంచుకోవడానికి అది మంచి అదను. గ్రంథాలయం లేకపోతే బడిలో ఒక తరగతి గది, అదీ కుదరకపోతే ఎవరింటి వరండా అయినా సరిపోతుంది. ఇళ్లలో కలిసేటట్లయితే ఒకే ఇంటి మీద భారం పడకుండా నెలకొకరు చొప్పున వంతులు వేసుకోవాలి, ఫలహారాలు టీ, బిస్కెట్లను మించకూడదని మొదటి రోజే గట్టిగా అనుకోవాలి. లేకపోతే ఒకరు పకోడీలు చేసిన పాపానికి తర్వాతివారు గారెలు, పాయసం వండవలసి వస్తుంది, ఆ తర్వాతివారు తమ వంతు రాగానే ఊళ్లో లేమంటారు.

రోజును మాత్రం ఎన్నడూ మార్చకండి. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు అనుకుంటే ఏడాది పొడవునా అదే ఉండాలి. మాఘంలో, శ్రావణంలో పెళ్లిళ్ల వల్ల ఆదివారాలు కరిగిపోతాయి, మార్చిలో పిల్లల పరీక్షలు ఉంటాయి, అయినా రోజు మారిస్తే వచ్చేవారికి అలవాటు తప్పుతుంది, ఆ తర్వాత ప్రతి నెలా ఫోన్లు చేసి గుర్తుచేయడమే మీ ఉద్యోగమవుతుంది. సాయంత్రం 6 గంటల తర్వాత పెట్టుకుంటే ఆడవాళ్లు చాలామంది రాలేరు. మధ్యాహ్న భోజనాలైనాక, సాయంత్రం వంట మొదలయ్యేలోపు ఉండే రెండు గంటలే అందరికీ వీలైనవి.

ఏం చదవాలి?

మొదటి ఆరు నెలలు నవలల జోలికి పోకుండా పది, పదిహేను పేజీల కథలే తీసుకోండి. నాలుగు వందల పేజీల నవల చెబితే సగంమంది పూర్తి చేయలేరు, పూర్తి చేయనివారు సిగ్గుపడి రావడం మానేస్తారు. ఒకే కథను అందరూ ముందుగా చదవడం, మళ్లీ కలిసి కూర్చున్నప్పుడు అందులోంచి ఒక పేజీ ఎవరో ఒకరు పైకి చదవడం అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. కళింగాంధ్ర కథను అక్కడివారి నోట, తెలంగాణ కథను కరీంనగర్‌వైపు పెరిగినవారి నోట వింటే, కాగితం మీద కొరుకుడు పడని సంభాషణ కూడా సులువుగా అర్థమవుతుంది. చూపు ఆననివారికీ, చదవడం కొంచెం నెమ్మదైనవారికీ ఆ పేజీయే ఆసరా.

ప్రతులు ఎలా సంపాదించాలన్నది తర్వాతి చిక్కు. భారతదేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం గడిచాక మరో 60 ఏళ్ల వరకు రచన మీద హక్కులు వారసులకే ఉంటాయి. 1915లో కన్నుమూసిన గురజాడ, 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి వంటివారు తమ జీవితకాలంలో ప్రచురించిన కథలను ఎన్ని ప్రతులు తీసి పంచినా ఇబ్బంది లేదు. 1979లో మరణించిన చలం రచనల మీద హక్కులు 2039 చివరి వరకు ఉంటాయి. హక్కులున్న కథలైతే సంకలనాన్ని నలుగురూ కలిసి రెండు, మూడు ప్రతులు కొని చేతులు మార్చుకోవచ్చు. పాత కథ ఏ పత్రికలో వచ్చిందో, ఎక్కడ దొరుకుతుందో తెలియనప్పుడు, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం పెద్ద దిక్కు. కథను ఎంచే హక్కు ఒక్కరికే వదలకుండా నెలకొకరికి ఇవ్వాలి. ఎంచినవారే ఆ నెల చర్చ నడపాలి.

మాట్లాడే తీరు

బృందం నిలిచేదీ కూలేదీ ఇక్కడే కనుక ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను. ముందుగా కుర్చీల వరుస మార్చండి. వేదిక, మైకు, ముందు వరుస అనేవి లేకుండా అందరూ ఒకరి ముఖం ఒకరికి కనబడేటట్లు గుండ్రంగా కూర్చోవాలి. చాప మీద కూర్చోలేని పెద్దలుంటే అందరికీ కుర్చీలే వేయండి, ఎందుకంటే కొందరు పైన, కొందరు కింద కూర్చున్న చోట మాట కూడా పైనుంచి కిందికే ప్రవహిస్తుంది.

మొదటి విడతలో ఎవరూ ఎవరికీ అడ్డు రాకుండా, ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు మాట్లాడాలి. వయసులో చిన్నవారితో, కొత్తగా వచ్చినవారితో మొదలుపెట్టి, సాహిత్యంలో పండిపోయినవారిని చివరికి ఉంచాలి. తెలుగు మాస్టారు ముందే కథలోని శిల్పం, నేపథ్యం, విమర్శకుల అభిప్రాయాలు చెప్పేస్తే, ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి ‘సార్ చెప్పిందే నా అభిప్రాయం కూడా’ అని కూర్చుంటుంది. అదే అమ్మాయి ముందుగా మాట్లాడితే, మాస్టారు ముప్ఫై ఏళ్లుగా పాఠం చెప్పినా గమనించని ఒక సంగతి బయటపడవచ్చు. ఈ క్రమం ఎందుకో పెద్దవారికి ముందే, విడిగా, మర్యాదగా చెప్పాలి. ‘మాస్టారూ, చివర్లో మీరు ముడి విప్పాలి’ అంటే కాదనేవారు అరుదు.

ప్రశ్న వేయడంలో కూడా నేర్పు కావాలి. ‘కథ ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న జవాబుతో చర్చ ముగిసిపోతుంది. ‘ఇందులో రచయిత ఇచ్చిన సందేశం ఏమిటి?’ అంటే అందరూ పరీక్ష హాలులో కూర్చున్నట్లు బిగుసుకుంటారు. అత్తవారింటి నుంచి అర్ధరాత్రి తిరిగి వచ్చిన కూతురికి తల్లి తలుపు తీయని కథ ఒకటి చదివారనుకుందాం. ‘మీరైతే ఆ తలుపు తీసేవారా?’ అని అడిగి చూడండి. తీసేవాళ్లమన్నవారు, తెల్లారాక తీసేవాళ్లమన్నవారు, అసలు ఆ తల్లికి ఆ ఇంట్లో తలుపు తీసే అధికారం ఉందా అని తిరిగి అడిగేవారు, అందరూ అక్కడే తేలతారు. ఇంకాసేపటికి ఒకరు పుస్తకం తెరిచి, తల్లి గడియ మీద చేయి వేసి ఆగినట్లు రచయిత ఎక్కడ రాశారో చదివి చూపిస్తారు. చర్చ నడిపేవారు ఇలాంటి ప్రశ్నలు మూడు రాసుకుని వస్తే చాలు, తమ అభిప్రాయాన్ని మాత్రం చివరి వరకు దాచుకోవాలి.

ఎక్కడైనా ఒకరుంటారు, ఏ కథ చదివినా మాట తమ చిన్నతనానికో తమ ఉద్యోగ విశేషాలకో మళ్లించి ఇరవై నిమిషాలు లాగేవారు. వారిని నలుగురిలో నొప్పించకూడదు, అలాగని వదిలేయకూడదు. గడియారం చూసే పని వారికే అప్పగించడం నాకు తెలిసిన ఉపాయాల్లో మేలైనది. కులం, మతం, పార్టీల ప్రస్తావన కథలోనే ఉన్నప్పుడు దాటవేయడం పిరికితనమే అవుతుంది. అయితే ప్రతి మాటకూ కథలోని ఒక వాక్యాన్నో సన్నివేశాన్నో ఆధారంగా చూపాలన్న నియమం పెట్టుకుంటే, వాదం మనుషుల మీదికి పోకుండా పేజీ మీదే నిలుస్తుంది. చదవకుండా వచ్చినవారిని నిలదీయవద్దు. ఆ రోజుకు వింటే చాలునని చెప్పి కూర్చోబెట్టండి.

రచయితను పిలిచే ముచ్చట కనీసం ఆరు నెలలు వాయిదా వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. రచయిత ఎదురుగా ఉంటే మనవాళ్లు మొహమాటానికి పొగడ్తలు తప్ప ఏమీ మాట్లాడరు. పిలిచినా మొదటి గంట సభ్యులు మాట్లాడుకుంటుంటే ఆయన వినాలి, జవాబు ఆ తర్వాతే చెప్పాలి. ఇందుకు ఒప్పుకునేవారినే పిలవండి. అమెరికాలోని డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి వంటివి నెలనెలా ఒక పుస్తకం ముందే చదివి వచ్చి చర్చించుకునే పద్ధతితోనే ఏళ్ల తరబడి నిలిచాయి. అతిథుల సంఖ్య వల్ల కాదు.

రెండు సమావేశాల మధ్య

వాట్సాప్ గ్రూపు తప్పదు, కానీ అందులోకి పూల బొమ్మల శుభోదయాలు, రాజకీయ వీడియోలు వచ్చిపడితే పదిహేను రోజులకే అందరూ దాన్ని మ్యూట్ చేస్తారు. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పెట్టేటట్లు అమర్చి, నెలలో నాలుగింటిని మించకుండా చూసుకోండి. కథ పేరు, దొరికే చోటు, సమావేశానికి వారం ముందు ఒక ప్రశ్న, ముందు రోజు గుర్తుచేసే ఒక మాట సరిపోతాయి. మొన్న వచ్చి నిన్న రానివారికి మాత్రం సందేశం పెట్టకుండా ఫోన్ చేయండి. ‘ఎందుకు రాలేదు?’ అనకుండా, వారు క్రితం సారి లేవనెత్తిన సంగతి మీద చర్చ ఎలా సాగిందో చెప్పండి.

డబ్బు వ్యవహారం క్లుప్తంగా తేల్చేయవచ్చు. చందాలు, స్పాన్సర్లు వద్దు. టీ ఖర్చుకు బల్ల మీద ఒక డబ్బా పెట్టి, లెక్కను అందరికీ కనబడేటట్లు ఒక నోటు పుస్తకంలో రాస్తే చాలు. స్పాన్సరు వచ్చిన రోజున ఫ్లెక్సీ వస్తుంది, ఫ్లెక్సీ వెనుకే వేదిక వస్తుంది.

అదే నోటు పుస్తకంలో ప్రతి నెలా ఏ కథ చదివిందీ, ఎవరెవరు వచ్చిందీ, చర్చలో తేలని ప్రశ్న ఏదో ఒక పేజీలో రాసి పెట్టండి. తర్వాతి సమావేశాన్ని ఆ తేలని ప్రశ్నతో మొదలుపెడితే, క్రితం సారి రానివారికి ఏం పోగొట్టుకున్నారో తెలుస్తుంది.

మూడు, నాలుగు నెలలకు హాజరు పడిపోవడం సహజం. మొదటి నెల పద్దెనిమిది మంది వచ్చిన చోట అయిదుగురే మిగలవచ్చు. అప్పుడు సమావేశాన్ని రద్దు చేయకుండా, మంచి కార్యక్రమమని ఆశపెట్టడానికి పేరున్నవారిని రప్పించకుండా, ఆ అయిదుగురితోనే పూర్తి రెండు గంటలూ నడపండి. బృందానికి అసలు ప్రాణం ఆ అయిదుగురే. సంఖ్య మళ్లీ పెరిగి ఇరవై దాటితే రెండు నిమిషాల విడతకే ముప్పావుగంట పడుతుంది, వెనక వరుస పుట్టుకొస్తుంది. అప్పుడు పాతవారిలో ఇద్దరు విడిపోయి, ఊరి మరో వైపున, మరో ఆదివారం నాడు, ఇదే పద్ధతిలో మూడో మనిషిని వెతుక్కుంటూ మొదలుపెట్టాలి.