‘టేక్’ క్రియను వేరునుంచి నేర్చుకునే విధానం

‘టేక్’ అంటే ‘తీసుకొను’ అని ఒక్క అర్థమే గుర్తుపెట్టుకున్న విద్యార్థికి ‘ఇట్ టేక్స్ టూ అవర్స్’ అన్న వాక్యం ఎదురైతే, ఎవరు ఏం తీసుకుంటున్నారో అంతుపట్టదు. అందుకే ఈ క్రియను దాని పుట్టుకనుంచి మొదలుపెట్టి నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇది మొదటినుంచీ ఇంగ్లీషు మాట కాదు. 9వ శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన స్కాండినేవియన్ల భాషలో ‘టాకా’ అంటే పట్టుకోవడం. అదే ఇంగ్లీషులోకి వచ్చి, అంతవరకు ఆ పని చేస్తూ వచ్చిన ‘నిమన్’ అనే క్రియను క్రమంగా పక్కకు నెట్టింది. ‘నిమన్’కు తోబుట్టువైన ‘నేమెన్’ జర్మన్‌లో నేటికీ వాడుకలో ఉండగా, ఇంగ్లీషులో దాని ఆనవాలుగా ‘నమ్’ వంటి కొద్ది మాటలే మిగిలాయి. స్పర్శ తెలియని చేతిని ‘నమ్’ అంటారంటే, దాన్ని ఏదో పట్టేసిందని మూలార్థం. మనమూ తిమ్మిరి పట్టిందనే అంటాం కదా!

ఈ ‘పట్టు’ను మనసులో ఉంచుకుంటే పై వాక్యం దానంతట అదే విడిపోతుంది: రెండు గంటలు పడుతుంది.

ఇక సాధన. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు ‘టేక్’తో కలిసి వచ్చే నామవాచకాన్ని, కుడివైపు దానికి తెలుగులో మనం జతచేసే క్రియను రాయండి. ఫొటో తీస్తాం, మాత్ర వేసుకుంటాం, బస్సు ఎక్కుతాం, నిర్ణయం తీసుకుంటాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘టేక్’ సరిపోతుంది. తెలుగులో పరీక్ష రాస్తాం కాబట్టి అక్కడ ‘రైట్’ అనాలనిపిస్తుంది గాని, అమెరికాలో ‘టేక్’ అనే అంటారు.

‘బ్రింగ్’తో తికమకపడేవారికి మన భాషే చక్కని దారి చూపుతుంది: ‘తీసుకురా’ అనే చోట ‘బ్రింగ్’, ‘తీసుకెళ్లు’ అనే చోట ‘టేక్’ వాడితే చాలావరకు తప్పు జరగదు.

ముఖ్యమైన రూపాలు మూడు: టేక్, టుక్, టేకెన్. ‘హ్యావ్’ తరువాత ‘టుక్’ రాయకూడదు.

‘టేక్ ఆఫ్’, ‘టేక్ ఆఫ్టర్’ వంటి జంటలకు వేరే పేజీ కేటాయించండి. విమానం నేల విడిచినా, మనం చొక్కా విప్పినా ‘టేక్ ఆఫ్’ అనే అంటారు. బిడ్డకు తండ్రి పోలికలు వస్తే ‘టేక్ ఆఫ్టర్’. ఒక్కొక్క జంటకు మీ ఇంట్లో నిజంగా జరిగిన సంగతితో ఒక వాక్యం రాసి, పైకి చదివిన తరువాతే రెండో జంటకు వెళ్లండి.