డొమైన్ పేరు కొనే ముందు: బరంపురం దుకాణదారులకు జాగ్రత్తలు

డొమైన్ పేరంటే మీ వెబ్‌సైటు అడ్రస్. డబ్బు కట్టకముందే ఆ పేరును ఫోన్‌లో ఎవరికైనా చెప్పి, ఇంగ్లిష్‌లో టైప్ చేయమనండి. మన చిక్కంతా ఇక్కడే. ఒడిశాలోని మన ఊరిని మనం బరంపురం అంటాం, బోర్డుల మీద ఒకచోట బర్హంపూర్, ఇంకోచోట బ్రహ్మపూర్. పైగా బెంగాల్లోనూ ఒక బరంపురం ఉంది! ఊరి పేరు తప్పదనుకుంటే రెండు స్పెల్లింగులూ కొనండి. హైఫన్లు, అంకెలు వద్దు. డాట్ కామ్ లాగే పేరు చివర వచ్చే డాట్ భారత్ తెలుగు లిపిలోనూ దొరుకుతుంది, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒడియా గిరాకీ దాన్ని టైప్ చేయలేడు.

వేరేవాళ్ల ట్రేడ్‌మార్క్ జోలికి పోకండి.

రిజిస్ట్రేషన్ మీ ఈమెయిల్, మీ నంబరుతోనే జరగాలి. మా బావ పచ్చళ్ల కొట్టుకు సైటు చేసిన కుర్రాడు తన మెయిల్ ఇచ్చుకున్నాడు. అతను సూరత్ వెళ్లిపోయాడు, రెన్యువల్ నోటీసులన్నీ అతనికే. సరిగ్గా ఆవకాయ సీజన్లో సైటు మాయం. బావకి ఒకటే టెన్షన్!

డాట్ కామ్ తీసుకున్నాక ధ్రువీకరణ మెయిల్ వస్తుంది. 15 రోజుల్లో లింక్ నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. స్పామ్ ఫోల్డర్ కూడా వెతకండి.

మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోవద్దు, రెన్యువల్ రేటు అడగండి. ఇది సొంతిల్లు కాదు, అద్దె. ఒకేసారి 10 ఏళ్ల వరకే కట్టుకోవచ్చు.