సరిహద్దు ఊళ్లో సిగ్నల్ రాబట్టుకోవడం ఎలా

సరిహద్దు ఊళ్లలో ఎవరిని కదిపినా ముందు టవర్ కావాలంటారు. నేను ముందు కొలవమంటాను. ఇలాంటి ఊళ్లలో యాంటెనాలు బిగించడమే నా పని. చేతిలో కొలతలు లేకుండా ఎవరిని ఏమడిగినా జవాబు రాదు.

కొలవడానికి ఫోన్ చాలు. తెర మీది గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో 'సిమ్ స్టేటస్' దగ్గర సిగ్నల్ బలం డీబీఎమ్ అనే కొలతలో ఒక అంకెగా కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయాలి. 4జీకి మైనస్ 90 ఉంటే హాయి. మైనస్ 110 దాటి దిగిందంటే మాట తెగుతూ ఉంటుంది. ఈ లెక్కలో 3 తగ్గితే బలం సగానికి పడిపోయినట్టు, 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. గదిలో, వాకిట్లో, డాబా మీద వేర్వేరుగా చూసి రాసుకోండి.

సరిహద్దు దగ్గర ఇంకోటి కూడా రాసుకోవాలి: ఫోన్ పట్టుకున్న టవర్ ఏ దేశానిదన్నది. ప్రతి మొబైల్ నెట్‌వర్క్‌కూ ఒక సంఖ్య ఉంటుంది, అందులో మొదటి మూడంకెలు దేశం కోడ్ (ఫోన్ నంబరు ముందు వేసే కోడ్ కాదు). నేపాల్‌ది 429, ఐర్లాండ్‌ది 272. మన సిగ్నల్ పోయి అవతలి టవర్ అందితే ఫోన్ అటు దూకేస్తుంది, అడక్కుండానే రోమింగ్ బిల్లు పడుతుంది. రెండు దేశాల టైమ్ వేరైతే గడియారం కూడా మారిపోయి, పొద్దున అలారం తప్పుతుంది. డేటా రోమింగ్ ఆపేయండి, నెట్‌వర్క్‌ను మీరే ఎంచుకోండి, ఆటోమేటిక్ టైమ్ జోన్ తీసేయండి.

మన వైపు సిగ్నల్ ఎందుకింత పలచన? సరిహద్దు దాటి సిగ్నల్ ఎంత బలంగా పోవచ్చన్న దాని మీద పొరుగు దేశాల మధ్య సాధారణంగా ఒప్పందాలుంటాయి. అందుకని కంపెనీలు యాంటెనాల్ని కిందికి వంచుతాయి, బలం తగ్గిస్తాయి. పైగా టవర్ చుట్టూ ఉన్న నేలలో సగం అవతలి దేశంలో పడితే, అక్కడి జనం వీళ్ల ఖాతాదారులు కారు, టవర్ ఖర్చు గిట్టదు.

ఇంటి మట్టుకు చేయగలిగింది చాలానే ఉంది. బయటి యాంటెనాకు పోర్టులున్న 4జీ రూటర్ (సిమ్ వేస్తే ఇంటికి నెట్ ఇచ్చే పెట్టె) తెచ్చుకోండి. దిశ యాంటెనాలు, అంటే ఒకే వైపు చూసేవి, రెండు కావాలి, ఒకటి 45 డిగ్రీలు ఇటు, రెండోది అటు వంచి బిగించాలి. డాబా మీద యాంటెనాను కొద్దికొద్దిగా తిప్పండి, తిప్పిన ప్రతిసారీ అర నిమిషం ఆగండి. రూటర్‌లో అంకె వెంటనే మారదు, తొందరపడితే మంచి దిశ చేజారుతుంది. బలంతో పాటు ఎస్‌ఐఎన్‌ఆర్ కూడా చూడండి, రొద మీద సిగ్నల్ ఎంత పైచేయిగా ఉందో చెప్పే అంకె అది, ఎక్కువుంటే మంచిది. అవతలి దేశం రొద కలిస్తే బలం ఉన్నా వేగం రాదు. యాంటెనా కేబుల్ పొడవైతే పట్టిన సిగ్నల్ దానిలోనే పోతుంది. అందుకే రూటర్‌ను పైన, వాన తగలని చోట పెట్టి, కిందికి ఈథర్నెట్ వైరు దించండి, అది 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఇంట్లో నెట్ నిలకడగా వచ్చాక ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మాట ఇంటి వైఫై మీదుగా పోతుంది, ఫోన్ నేరుగా టవర్‌ను అందుకోనక్కర్లేదు. అనుమతి లేని సిగ్నల్ బూస్టర్ మాత్రం కొనొద్దు. చాలా దేశాల్లో అది నేరం, ఊరందరి సిగ్నల్‌నూ పాడు చేస్తుంది.

ఏ టవరూ అందకపోతే ఉపగ్రహమే దిక్కు. 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండేవాటితో మాటకు జవాబు రావడం అర సెకను దాకా ఆలస్యమవుతుంది. 550 కిలోమీటర్ల దగ్గర తిరిగేవాటితో ఆ బాధ లేదు, కానీ ఆకాశం చెట్లు అడ్డు లేకుండా కనిపించాలి.

ఇక ఊరంతా కలిసి అడగాల్సింది. ఇల్లిల్లూ తిరిగి చోటు, వేళ, కంపెనీ, డీబీఎమ్, దేశం కోడ్ ఒకే పట్టికలో రాయండి. కంపెనీల కవరేజీ పటాలు ఎక్కువగా కంప్యూటర్ లెక్కలే, వాటికి మీ పట్టికే జవాబు. 'టవర్ కావాలి' అని కాకుండా, ఉన్న టవర్ మీదే 700 లేదా 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వేయమని అడగండి. ఎక్కువ దూరం పోయేవీ, గోడల్లోంచి వచ్చేవీ అవే. కరెంటూ దారీ ఉన్న ఎత్తైన చోటు మీరే చూపిస్తే పని త్వరగా కదులుతుంది. ఊరే చోటిస్తే పని ఎలా కదులుతుందో ఒక ఉదాహరణ: ఇంగ్లండ్ ఉత్తరాన బీ4ఆర్‌ఎన్ అనే ఊరి ఇంటర్నెట్ సంస్థ 2011లో మొదలైంది. అక్కడి రైతులు తమ పొలాల గుండా కందకాలు తవ్వనిచ్చి, ఇంటింటికీ ఫైబర్ తెచ్చుకున్నారు.

పట్టికను కంపెనీకీ, టెలికాం నియంత్రణ సంస్థకూ ఒకేసారి పంపండి. పని అయిందని వాళ్లు చెప్పాక, అదే ఫోన్‌తో అవే చోట్ల మళ్లీ కొలవండి. అంకె మారకపోతే పాత పట్టిక పక్కన కొత్తది పెట్టి మళ్లీ పంపండి.